వెనకడుగు

ఊడ్పుల కాలం, రెండో రోజు

రోజూ చిట్టా రాయాలట. పైనుంచి తాఖీదు వచ్చింది. నడక కేంద్రంలో పనిచేసే ప్రతివాళ్ళూ ఆ రోజు ఏం కొలిచారో, ఏం తేలిందో సొంత మాటల్లో రాసిపెట్టాలట. సొంత మాటల్లో అన్నారు కాబట్టి నా మాటల్లోనే రాస్తాను. తర్వాత ఎవరైనా చదివి మూతి ముడిస్తే నాకు సంబంధం లేదు.

నా పేరు హైమావతి. పదిహేడేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చుని జనం నడకలు చూస్తున్నాను. మొహాలు మర్చిపోతాను గానీ నడక చూస్తే మనిషెవరో చెప్పేస్తాను. ఆకాశంలో గిర్రున తిరిగే మన వలయంలో పుట్టిన ప్రతివాళ్ళూ ఏడాదికోసారి నా ముందు నడవాల్సిందే. నడకకి ఆకుపచ్చ వస్తే పనిలోకి, పసుపు వస్తే కషాయానికీ కసరత్తుకీ, ఎరుపు వస్తే తేలికవాడకి. రంగు తేల్చేది నేను కాదు, ‘అడుగు’ అనే సాఫ్ట్‌వేరు. నేను కింద సంతకం పెడతాను.

ఇన్నేళ్ళూ కొలతలన్నీ కేంద్రం వసారాలోనే జరిగాయి. నున్నటి నేల, ఆ చివర్నుంచి ఈ చివరికి నలభై అడుగులు. ఈ ఏడు నుంచి ఎవరు ఎక్కడ పనిచేస్తారో అక్కడే కొలవాలని రూలు మార్చారు. మొదటి వంతు ఊడ్పుల ముఠాది. అందుకని పన్నెండు జతల కడియాలు, పన్నెండు మొలపట్టీలు, కాలికింద కట్టే, బరువు కొలిచే పట్టీలు సంచీలో వేసుకుని మళ్ళ దాకా వెళ్ళాను.

మళ్ళంటే ఏముంది, వలయం అడుగున పలచటి పొర మీద పరిచిన బురద. దాంట్లో యంత్రం దింపితే చక్రం కింద పొర చిరిగి నీళ్ళన్నీ బయట ఆకాశంలోకి పోతాయి. అందుకే వరి ఇప్పటికీ మనుషులే చేత్తో ఊడుస్తారు.

ముఠాకి పెద్ద నూకరత్నం గారు. యాభై తొమ్మిదేళ్ళు. మా అత్తగారు.

“ఇదేంటే, ఈ వయసులో నాకు కాళ్ళకి కడియాలా?” అంది.

“మీ నడక కొలవడానికత్తయ్యా.”

“ఒకే ఇంట్లో ఉంటున్నాం. నా నడక రోజూ చూట్టంలేదా?”

ముఠా అంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వి, గట్టు మీదే నిలబడి అందరికీ పట్టీలు కట్టి, పని ముగిశాక విప్పి పంపించమని చెప్పి వచ్చేశాను. నేను ఓడరేవు వాడలో పుట్టిన మనిషిని. ఆ బురద వాసన నాకు పడదు. పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా మడిలో కాలు పెట్టలేదు, ఊడ్పులు దగ్గరుండి చూసిందీ లేదు. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు, ఉన్నమాట రాస్తున్నాను.

మూడో రోజు

పన్నెండుకి పన్నెండూ ఎరుపే.

మొదట కడియాలు పాడయ్యాయనుకున్నాను. ఒక జత నా కాళ్ళకే కట్టుకుని వసారాలో అటూ ఇటూ నడిచి చూశాను. ఆకుపచ్చ. కడియాల్లో తప్పేం లేదు.

‘అడుగు’ చేసే పని చెప్పాలంటే, మనిషిని చుక్కలుగా విడగొట్టి, ముగ్గు కలిపినట్టు గీతలతో కలిపి తెర మీద నడిపిస్తుంది. చీలమండ, మోకాలు, తుంటి. ఒక్కో కీలు దగ్గరా కండరం శక్తి ఇస్తోందా, మింగుతోందా అని లెక్క తీస్తుంది. బురదలోంచి కాలు పెరికే మనిషికి కండరాలు శక్తి ఇవ్వాలి. ఈ పన్నెండు మందివీ మింగుతున్నాయి. అంటే కాళ్ళు శరీరాన్ని మొయ్యట్లేదు, శరీరం కాళ్ళ మీద కూలబడుతోంది అని ‘అడుగు’ తేల్చింది. అందర్లోకీ అన్యాయంగా ఉన్నది మా అత్తగారిది. అంత ముదురు ఎరుపు నా సర్వీసులో చూడలేదు.

నడకాధికారి శేషఫణి గారు వచ్చి చూశారు. మంచి మనిషే, కాకపోతే ‘అడుగు’ని దేవుడు రాసిచ్చాడనుకుంటారు. “మళ్ళలో ఏదో ఎముకల్ని తినేస్తోందమ్మా. ముఠాని ఇవాళే ఆపెయ్యండి. పదో రోజు లిఫ్టులో తేలికవాడకి పంపించెయ్యాలి” అన్నారు.

తేలికవాడ అంటే వలయం నడిబొడ్డున ఉంటుంది. అక్కడ మనిషి బరువు ఇక్కడి దాంట్లో ఆరో వంతు. కాళ్ళు చచ్చినవాళ్ళకి హాయిగానే ఉంటుంది. కానీ మూడు నెలలు అక్కడున్న ఎముక మళ్ళీ ఇక్కడి బరువు మొయ్యలేదు. వెళ్ళినవాళ్ళు ఒక్కరూ దిగలేదు.

ఎరుపు వచ్చిన మనిషిని పిలిచి, ఆ మనిషి నడక ఆ మనిషికే తెర మీద చూపించి, అప్పుడు సంతకం పెట్టాలని రూలు. మళ్ళు దూరం, పన్నెండు మంది, నాకు వేరే పనులు. చూపించకుండానే పన్నెండు సంతకాలూ పెట్టేశాను. మా అత్తగారి కాగితం ఆఖరికి తోశాను. అయినా పెట్టాను.

నాలుగో రోజు

మా అత్తగారికి కోపం వస్తే తిట్టదు. ‘మీరు’ అంటుంది.

“మీరు భోంచెయ్యండమ్మా. ఆఫీసుకి ఆలస్యమవుతుంది” అంది పొద్దున్నే.

ఇరవయ్యేళ్ళలో రెండోసారి ఆ మాట విన్నాను. మొదటిసారి ఎందుకో ఇక్కడ రాయను.

“అత్తయ్యా, నేనేం చేసేది? ‘అడుగు’ చెప్పింది.”

“సంతకం కూడా అదే పెట్టిందాండీ?”

మా ఆయనకి ఈ వారం పైన ఓడరేవులో డ్యూటీ, మధ్యలో పడి సర్దిచెప్పడానికి లేడు. ఆవిడ గిన్నెలు తోముతూనే చెప్పింది. నారు పోసి ఇరవై ఆరు రోజులయిందట. ఇంకో వారం దాటితే నారు ముదిరిపోయి ఊడ్చినా పిలకలేసి దుబ్బు కట్టదట. పద్నాలుగు మళ్ళు ఇంకా ఖాళీగా ఉన్నాయట. తన కాళ్ళ గురించి ఒక్క ముక్క అనలేదు.

వెళ్ళేటప్పుడు గడపలో నిలబడి అడిగింది. “మన నడక మనకి చూపించాలని రూలుందటగా. మా రంగమ్మాయి చెప్పింది. నాకెప్పుడు చూపిస్తారండీ?”

రంగమ్మాయి ముఠాలో అందరికన్నా చిన్నది, రూళ్ళన్నీ కంఠతా పట్టింది. నేను తలొంచుకుని “రేపు రండత్తయ్యా” అన్నాను.

ఐదో రోజు



పొద్దున్నే అత్తగారు వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, జుట్టు గట్టిగా ముడేసుకుని, పెళ్ళిచూపులకి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చుంది. నేను ఆవిడ ఫైలు తెరిచి చుక్కల మనిషిని తెర మీద నడిపించాను. నడుం వంచిన చుక్కల మనిషి, బురదలో ఒక్కో అడుగే వేసుకుంటూ ముందుకి వెళ్తోంది. మోకాలి దగ్గరా తుంటి దగ్గరా ఎర్రగా మెరుస్తోంది.

ఆవిడ కాసేపు కళ్ళు చికిలించి చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది.

“ఇదెవతే?”

“మీరే అత్తయ్యా.”

“నేనా! నా మొహం! ఊడ్చిన నారంతా తొక్కుకుంటూ పోతోంది కదే ఇది! ఇట్లాంటిదాన్ని నా ముఠాలోకి రానిస్తానా? గట్టెక్కించి తన్నేదాన్ని!”

నాకు అర్థం కాలేదు. ఆ మొద్దు మొహం ఇప్పుడు గుర్తొస్తే నామీద నాకే చిరాకు. “తొక్కుకుంటూ పోవడమేంటి?” అన్నాను.

ఆవిడ లేచి నిలబడింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, నడుం వంచి, ఎడంచేతిలో నారుకట్ట ఉన్నట్టు పట్టుకుని, కుడిచేత్తో నా నున్నటి వసారా నేల మీద ఒక మొక్క గుచ్చింది. పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. వరస అయ్యాక ఒక అడుగు వెనక్కి వేసింది. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ ఒక అడుగు వెనక్కి.

“ఊడ్చినదాన్ని ఎదురుగా పెట్టుకుని వెనక్కి పోవాలే, వెర్రిదానా! ముందుకెళ్తే పాతిన మొక్క మీదే కాలు పడుతుంది. ఇది నీకు తెలీదా?”

తెలీదు. నాకు తెలీదు, శేషఫణి గారికి తెలీదు, కేంద్రంలో ఒక్కళ్ళకీ తెలీదు. అందరం అన్నం తినేవాళ్ళమే.

మరి తెర మీద మనిషి ముందుకెందుకు వెళ్తోంది? ‘అడుగు’ లెక్కకట్టే ముందు మొదటి నాలుగైదు అడుగులూ చివరి నాలుగైదు అడుగులూ కోసేస్తుంది. కోసేసిన ముక్కల్లో ఏమైనా తెలుస్తుందేమోనని కోయని అసలు రికార్డింగు బయటికి తీసి, ‘అడుగు’ చదివిన వరసలోనే మొత్తం నడిపించాను. ఇద్దరం కళ్ళార్పకుండా చూశాం. చివర్న చుక్కల మనిషి బురదలోంచి వీపు ముందుపెట్టి ఎగిరి గట్టు మీద పడింది.

“అయ్యబాబోయ్” అంది మా అత్తగారు. “నేను ఆరోజు పొద్దున గట్టు మీంచి దిగింది ఇదేనే! వెనక నుంచి ముందుకి తిప్పేశారు!”

‘అడుగు’ మా అత్తగారి రోజంతటినీ సాయంత్రం నుంచి పొద్దుటికి చదివింది. నేను ఆవిణ్ణి గట్టిగా వాటేసుకున్నాను. ఆవిడ “వదలవే, చీర నలిగిపోతుంది” అంది. ‘వదలండి’ అనలేదు. నాకు అది చాలు.

ఆరో రోజు

కారణం దొరికింది. అరవై ఏళ్ళ కిందట ఎవరో ‘అడుగు’ లోపల మూడు వాక్యాలు రాసి పెట్టారు. ఉన్నదున్నట్టు దించుతున్నాను.

‘పాదం మొన ఒకవైపు, మొల కదిలేది రెండోవైపు అయితే రికార్డింగు తిరగబడినట్టు. చివర్నుంచి మొదటికి తిప్పి చదువు. మనిషి వెనక్కి నడుస్తూ పనిచెయ్యడు.’

ఆ చివరి వాక్యం రాసినవాళ్ళెవరో గానీ, ఒక్కసారి మడి గట్టు మీదకొచ్చి నిలబడి ఉంటే సరిపోయేది. వసారాలో ఎవరూ వెనక్కి నడవరు గనక అరవై ఏళ్ళూ అది నిద్రపోయింది. మళ్ళలోకి పట్టీలు వెళ్ళగానే లేచి కాటేసింది.

తిప్పితే ఏమవుతుందంటే, బిందె ఎత్తి నెత్తిన పెట్టుకునే మనిషిని వీడియోలో వెనక్కి తిప్పి చూపిస్తే, బిందె కిందికి దించుతున్నట్టే ఉంటుంది. ఎత్తడానికి పెట్టిన శక్తంతా దించేటప్పుడు మింగినట్టు లెక్కకొస్తుంది. అంటే బురదలోంచి ఎవరు ఎంత గట్టిగా కాలు పెరికితే ‘అడుగు’ కంటికి వాళ్ళు అంత నీరసం. మా అత్తగారికి అంత ముదురు ఎరుపు ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేశాను.

గబగబా శేషఫణి గారి గదికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు.

“హైమావతీ, వాళ్ళది ఊడ్పు పని అని కదమ్మా రాసుంది? ఊడ్పంటే చీపురు పట్టుకుని ముందుకే కదా వెళ్ళేది?”

“చీపురు ఊడ్పు కాదు సార్! వరి ఊడ్పు! నారు పీకి నాటడం!”

“రెండూ ఒకటే మాటా?” అని ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత తల అడ్డంగా ఊపారు. “అరవై ఏళ్ళుగా లక్షల నడకలు చూసింది. నువ్వు ఒక్క వాక్యం పీకేసి, మీ అత్తగారికి ఆకుపచ్చ ఇచ్చుకున్నావంటే జనం ఏమంటారు? ‘అడుగు’ని ముట్టుకోకుండా రుజువు చెయ్యి. ఎల్లుండి విచారణ పెడతాను. చెయ్యలేకపోతే లిఫ్టు ఆగదు.”

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అదే నాకు ఇంకా మండింది.

ఏడో రోజు

రోజంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. ముఠాని మళ్ళీ కొలిస్తే మళ్ళీ ఎరుపే వస్తుంది. సాఫ్ట్‌వేరుని ముట్టుకోకుండా సాఫ్ట్‌వేరు తప్పని ఎలా చూపించడం?

మధ్యాహ్నం ఇంట్లో అత్తగారు వడ్ల బస్తా మూల నుంచి వాకిట్లోకి తెస్తోంది. రెండు చేతులా మూతి పట్టుకుని, నడుం వంచి, వెనక్కి వెనక్కి ఈడ్చుకుంటూ. నేను చూస్తూ ఉండిపోయాను.

“గుడ్లప్పగించి చూడకపోతే ఓ చెయ్యి వెయ్యొచ్చుగా!”

“అత్తయ్యా, బస్తా ఎవరు ఈడ్చినా ఇలాగే ఈడుస్తారా?”

“మరి? నెత్తి మీద నిలబడి ఈడుస్తారా?”

ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. పిచ్చి పట్టిందనుకుంది.

ఎనిమిదో రోజు

విచారణకి వసారా పట్టలేదు. ముఠా పన్నెండు మందీ ఒక గోడ వార, ఓడరేవు వాడ నుంచి మా పుట్టింటి వాళ్ళు, కేంద్రం ఉద్యోగులు, ఎవరికి వాళ్ళే మెడలు సాచి చూస్తున్నారు.

నేను లేచి, “సార్, ఈ వలయంలో అందరికన్నా మంచి నడక ఎవరిది?” అన్నాను.

అందరూ శేషఫణి గారి వైపే చూశారు. ఆయన రోజూ వసారాలో నూరుసార్లు తిరుగుతారు. పన్నెండేళ్ళుగా ఆకుపచ్చ బిళ్ళ చొక్కాకి పెట్టుకునే తిరుగుతారు.

“అయితే తమరే కడియాలు కట్టుకోండి. ఈ వడ్ల బస్తా ఆ చివర్నుంచి ఈ చివరికి చేర్చండి. ఎత్తొద్దు, ఈడవండి. అంతే.”

ఆయన నవ్వి చొక్కా చేతులు మడిచారు. కడియాలు, మొలపట్టీ, బరువు పట్టీలు నేనే కట్టాను. బస్తా మూతి రెండు చేతులా పట్టుకున్నారు. ఎలా ఈడవమని ఎవరూ చెప్పలేదు. నడుం వంచి వెనక్కి వెనక్కి ఈడ్చారు. నలభై అడుగులూ దర్జాగా ఈడ్చి, చెమట తుడుచుకుంటూ నిలబడ్డారు. జనం చప్పట్లు కొట్టారు.

తెర మీద చుక్కల శేషఫణి గారు ముందుకి, తెరలో లేని బస్తా లాక్కుపోతుంటే దాని వెంట పడి వెళ్తున్నట్టు కనిపించారు. మోకాళ్ళు ఎర్రగా మెరిశాయి. తుంటి ఎర్రగా మెరిసింది. కింద అక్షరాలు పడ్డాయి: ‘కండరాలు శక్తి ఇవ్వడం లేదు. కూలబడే ప్రమాదం. తేలికవాడకి సిఫారసు.’

ఆ తర్వాత ముఠాలోంచి రంగమ్మాయి గొంతు వినిపించింది. “సార్, లిఫ్టులో మా పక్కనే కూర్చోండి!”

వసారా అదిరిపోయింది. శేషఫణి గారు నవ్వలేదు. బస్తా మళ్ళీ ఆ చివరికి తీసుకెళ్ళి రెండోసారి ఈడ్చారు. ఎరుపు. మూడోసారి ఈడ్చారు. ఎరుపు. అప్పుడు ఆయన చొక్కా మీది ఆకుపచ్చ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, తిన్నగా ముఠా ముందుకి వెళ్ళారు.

“నూకరత్నం గారూ, తప్పు మాది. క్షమించండమ్మా” అని చేతులు జోడించారు.

“మీదొక్కరిదే అయితే బాగుండును బాబూ. ఇంట్లో ఇంకొకతి ఉంది” అంది ఆవిడ, నావైపు చూసి.

నేనే లేచి చెప్పుకున్నాను, అందరి ముందూ. చూపించకుండా సంతకాలు పెట్టింది నేనేనని. ఎవరూ నవ్వలేదు. అత్తగారు మాత్రం కొంగుతో నా మొహం తుడిచి, “సర్లే, ఆ మూడు వాక్యాలూ తీసెయ్యి ముందు. నారు ముదిరిపోతోంది” అంది.

శేషఫణి గారు తలూపారు. అందరూ చూస్తుండగా తీసేశాను. ముఠా రికార్డింగులు ఒక్కొక్కటే మళ్ళీ నడిపించాను. రంగమ్మాయి ఆకుపచ్చ. ఆ పక్కావిడ ఆకుపచ్చ. ఒక్కో పేరు చదివినప్పుడల్లా జనం హోరు. పన్నెండుకి పన్నెండూ ఆకుపచ్చే! నూకరత్నం గారి అంకె పడేసరికి నేను కుర్చీలోంచి లేచిపోయాను. ‘అడుగు’ పుట్టిన దగ్గర్నుంచీ అంత శక్తి ఇచ్చిన కాళ్ళు లెక్కలో లేవు. ఓడరేవులో మూటలు మోసే కుర్రాళ్ళవి కూడా లేవు.

“ఎంతొచ్చిందే?” అంది అత్తగారు.

చెప్పాను.

“దానికే ఇంత గోలా?” అని ముఠాని వెంటేసుకుని తిన్నగా మళ్ళలోకి వెళ్ళిపోయింది.

పదో రోజు

పద్నాలుగు మళ్ళలో పదమూడు అయిపోయాయి. రెండు రోజుల్లో! ఆఖరి మడి ఇవాళ పొద్దున్నే మొదలుపెట్టారు. సగం వలయం గట్ల మీదే ఉంది. మా పుట్టింటి వాళ్ళు నారుకట్టలు అందిస్తున్నారు. శేషఫణి గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మోసుకొచ్చే తెర ఒకటి గట్టు మీద నిలబెట్టారు. ఇవాళ చేతులకి కూడా పట్టీలు కట్టుకున్న పన్నెండు మందీ చుక్కల మనుషులై దాంట్లో అప్పటికప్పుడే కనిపిస్తున్నారు. ఒకే వరసలో నడుం వంచి, ఒకేసారి చెయ్యి దించి, ఒకేసారి కాలు పెరికి వెనక్కి. కాలు పెరికినప్పుడల్లా పన్నెండు మోకాళ్ళ దగ్గరా ఆకుపచ్చ వెలుగు లేచేది.

నేనూ దిగాను. అవును, బురదలోకి. కడియాలు ఊడిపోతే సరిచెయ్యడానికి అని చెప్పాను గానీ, నిజానికి ఆగలేక దిగాను. వాసన వచ్చింది. వస్తే వచ్చింది.

వద్దన్న కబురు పైకి చేరలేదో ఏమో, పదకొండింటికి లిఫ్టు వచ్చి మళ్ళ చివర నిలబడింది. పన్నెండు కుర్చీలు, పన్నెండు దుప్పట్లు. నడిపేవాడు తలుపు తీసి, చీటీ పట్టుకుని, “నూకరత్నం గారి ముఠా ఎవరండీ?” అని కేకేశాడు.

ముఠా పనాపలేదు. వరస మధ్యలో ఉంది మరి. అత్తగారు ఆ వరస పూర్తి చేసి, అడుగు వెనక్కి వేసి, అప్పుడు నడుం నిలబెట్టుకుంది. లిఫ్టు వైపు చూడలేదు. గట్టు మీది తెర వైపు చూసింది. మధ్యలో ఒక చుక్కల మనిషి అదే క్షణంలో నడుం నిలబెట్టుకుని ఇటే చూస్తోంది. ఆవిడ చెయ్యెత్తింది. అదీ చెయ్యెత్తింది. మొన్న తెర మీద తనని తాను చూసి “ఇదెవతే” అన్న మనిషి ఇప్పుడు రెండో చెయ్యి కూడా ఎత్తి చూసింది. మోచేతి వరకూ బురద, కళ్ళలో నీళ్ళు.

“హైమా,” అంది మెల్లిగా. “ఇంత బావుంటానేంటే నేను?”

“ఇంతకన్నా బావుంటారత్తయ్యా. ఇవి చుక్కలేగా.”

ఆవిడ ముక్కు ఎగబీల్చి, నారుకట్ట విప్పి, మళ్ళీ నడుం వంచింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. పన్నెండు కుర్చీలూ ఖాళీగానే పైకి వెళ్ళాయి. మేము ఒక్కో అడుగే వెనక్కి వేసుకుంటూ, ఒంటిగంటకల్లా ఆఖరి మడి పూర్తి చేశాం.